నాయన నునుపు చేసిన అంచు

నా ఆఫీసు అంటే ఒక నాపబండ. రెండు రాతి కాళ్ల మీద, కిటికీ పక్కన ఉంటుంది. కదపాలంటే నలుగురు మనుషులు కావాలి. కోయిలకుంట్ల దగ్గర పల్లె మాది. అరుగులు, మెట్లు, వంటింటి గట్లు, ఆఖరికి సమాధులు కూడా ఈ చుట్టుపక్కల ఆ రాయే. నాయన పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నాకు ఇంటి నుంచే ల్యాప్‌టాప్ మీద చేసుకునే ఉద్యోగం వచ్చిందనగానే మంచి బండ ఒకటి ఏరి, ఆటో ట్రాలీలో వేయించుకొచ్చాడు. పై నునుపు మిషన్ చేసిపెడుతుంది గానీ అంచులు చేత్తోనే తీయాలి. వాకిట్లో గొంతుక్కూర్చుని, నీళ్లు చల్లుకుంటూ రాపుడు రాయితో రుద్ది, బొటనవేలితో తడిమి తడిమి చూసుకుని, "అయిపాయ పాపా! యాడ ముట్టుకున్నా వెన్నపూసే" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి బయట కనబడినవాళ్లందరికీ చెప్పాడు, "మా పాపకు ఆఫీసు కట్టిచ్చినాప్పా" అని. నాకు సిగ్గూ వేసింది, గర్వంగానూ ఉండింది.

పని ఏమిటంటే, రికార్డు చేసిన ఫోన్ మాటలు విని టైపు చేయడం. ఎవరో ఎవరినో తిడుతుంటారు, ఆ తిట్లన్నీ నేను చెవుల్లో పోసుకుని అక్షరం పొల్లుపోకుండా దించాలి. మా ప్లాస్టిక్ కుర్చీ పొట్టిది, బండ ఎత్తు. భుజాలు చెవుల దాకా లేపి, మెడ ముందుకు సాచి, మోచేతులు బండ అంచు మీద ఆన్చి పొద్దంతా కూర్చునేదాన్ని. కంపెనీ వాళ్లు ఒక వీడియో పంపారు, ఒళ్లు నొప్పి లేకుండా ఎలా కూర్చోవాలో. అందులో అమ్మాయిది గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ. తెర సరిగ్గా కళ్లకెదురుగా, పాదాలు నేల మీద, మణికట్టు వంగకుండా. ఆ మహాతల్లికి కరెంటు పోదు, మధ్యలో లేచి సంగటి గెలకాల్సిన పనీ లేదు. చూసి, మూతి విరిచి, మూసేశాను.

మొదట కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కింది. దులుపుకుంటే పోయేది. తర్వాత దులిపినా పోలేదు, పక్క వేలికి కూడా పాకింది. ఎంటర్ కొట్టాననుకుంటే పడేది కాదు. నా టైపులో తప్పులు ఎక్కువైనాయని కంపెనీ నుంచి మెయిళ్లు మొదలయ్యాయి. ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారి కాళ్ల మీద పడింది. కాలినందుకు కాదు నేను ఏడ్చింది, జారుతున్నట్టు నా చేతికి తెలియనందుకు. ఫ్యాక్టరీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఇల్లు నడిచేది ఈ చేతి మీదే. ఇది పోతే ఏం చేయాలి?

అమ్మ కొబ్బరినూనె రాసి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేది. ఆమెన్ అన్న వెంటనే, "ఆ పెట్టె ముందర పొద్దస్తమానం కుచ్చుంటే ఏమైతాది మరి!" అని తిట్టేది.

ఒకరోజు స్నానానికి పోయి చూసుకుంటే మోచేతి లోపలివైపు ఎర్రటి గీత కనబడింది, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. బండ అంచుదే అది. ఆ పూటే దుప్పటి మడిచి అంచు మీద వేసుకున్నాను. సాయంత్రం నాయన వచ్చి, "బండకు దుప్పటి కప్పుతారామ్మా ఎవురన్నా? దాని సోకంతా పాయ!" అని తీసేశాడు. అంత ముచ్చటగా చేసిన మనిషికి, నీ బండే నా చెయ్యి తింటోంది నాయనా అని ఎట్లా చెప్పేది?

చెయ్యి చూపించుకోవడానికి నాయనతో కర్నూలు ఆసుపత్రికి పోయే పొద్దున అమ్మ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది. కొన్నాళ్లుగా ఇదే వరస. "ఈ వయసులో ఏం సరసం నాయనా, గుండీలు కూడా పెండ్లామే పెట్టాల్నా?" అన్నాను. ఆయన నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, "గుచ్చితే చెప్పు" అంటూ సూది మొనతో వేళ్ల చివరలు ముట్టుకుంటూ పోయాడు. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి చెప్పాను. చివరి రెండు వేళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఎట్లా కూర్చుని పనిచేస్తావో చూపించమన్నాడు. తన బల్ల మీద చూపించాను. మోచేతి లోపల ఒకచోట నొక్కాడు, చిటికెన వేలి దాకా జివ్వుమంది.

"ఇదీ నరం. రోజంతా దీన్ని బల్ల అంచుకేసి నొక్కుతున్నావు. అంచు వాడిగా ఉంటుందా?"

నేను నోరు తెరిచేలోపు పక్కన నాయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "నా బండకు వాడి అంచా! నేను చేత్తో సూసి ఇడిసిన బండ సార్ అది. నా ఏలికి తెలీకుండా అంచు ఉంటాదా?" అని, కుడిచెయ్యి చాచి డాక్టరు ముందు బల్ల మీద పెట్టాడు.

డాక్టరు ఆ అరచెయ్యి చూశాడు. "అదిరే మిషన్ పట్టుకుంటావా పెద్దాయనా?"

"పెండ్లి గాకముందు నుంచి పట్టుకుంటాండా."

"కళ్లు మూసుకో. గుచ్చితే చెప్పు."

నాయన ప్రార్థనకు మూసుకున్నట్టు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు బొటనవేలి మీద గుచ్చాడు. చూపుడువేలి మీద, మధ్యవేలి మీద గుచ్చాడు. చూపుడువేలి మీద నెత్తురు చుక్క లేచింది.

"ఊఁ, కానీండి సార్," అన్నాడు నాయన, కళ్లు తెరవకుండానే.

చివరికి ఆయన కళ్లు తెరిచి నెత్తురు చూసుకున్నాడు. ఎన్నాళ్లుగా ఇట్లా ఉందని డాక్టరు అడిగితే చెయ్యి వెనక్కి లాక్కుని పంచెకు తుడుచుకున్నాడు. "నా సంగతి ఆనక సార్. పాప చెయ్యి ఏమైతాదో అది జెప్పండి."

డాక్టరు చెప్పాడు. మోచెయ్యి ఎక్కడా ఆన్చకూడదు. కీబోర్డు మోచేతి ఎత్తుకు సరిపోయేట్టు కుర్చీ పెంచాలి. ల్యాప్‌టాప్‌ను ఏదైనా ఎత్తు మీద పెట్టి, కీబోర్డు వేరేది పెట్టుకోవాలి. గంటగంటకూ లేవాలి. కొన్ని వారాలు చూసి, తిమ్మిరి తగ్గకపోతే ఆపరేషన్. వీడియోలో ఆ తిరిగే కుర్చీ అమ్మాయి చెప్పిందీ ఇంచుమించు ఇదే.

తిరిగొచ్చే బస్సు నంద్యాల దాటినాక, నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "వెన్నపూస అంటి గదా పాపా," అన్నాడు. "నాకు శానా దినాల నుంచి ఏది ముట్టుకున్నా వెన్నపూసే."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నట్టు ఆయనకు తెలిసిందో లేదో తెలియదు. ఏడుపు ఆగలేదు, చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

మరునాడు పొద్దున్నే రాపుడు రాయి, చెంబుతో నీళ్లు తెచ్చుకుని బండ ముందు కూర్చున్నాడు. నేను ల్యాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టాను. రుద్దాడు, నీళ్లు చల్లాడు, మళ్లీ రుద్దాడు. అలవాటు చొప్పున బొటనవేలు అంచు మీదికి పోయింది. సగంలో ఆపేసి నా వైపు చూశాడు.

"నువ్వు సూడు పాపా."

ఎడమచేతి వేలితో చూశాను. "ఈడ ఇంగా ఉండాది నాయనా."

మళ్లీ రుద్దాడు. మళ్లీ చూశాను. అట్లా చాలాసేపు అయ్యాక, "సరిపాయలే నాయనా, లెయ్యి," అన్నాను. నా చిటికెన వేలు ఇంకా నిద్ర లేవలేదు, ఈ అంచు తగ్గితే లేస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆయన లేవలేదు. వంగి, బండ అంచుకు తన చెంప ఆన్చి, కళ్లు మూసుకుని, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ గీసుకుంటాంది," అన్నాడు, రాయి అందుకుంటూ.