మైసమ్మకు మొక్కిన ఎర్రపెట్ట

బిడ్డలారా, కోడికూర ఎట్లా వండాలని మొన్న ఫోన్‌లో అడిగారు. అది తర్వాత చెబుతాను. కానీ మా చిన్నప్పుడు వండటం కన్నా, వండేదాకా కోడిని ఇంట్లో నిలుపుకోవడమే కష్టం.

నిజాం కాలం. నల్లగొండ దిక్కున మా పల్లె. భూమి శిస్తు చూసే అధికారి గిర్దావరు తనిఖీకి వస్తే ఆయన వంటకు కోళ్లు మా వాడనుంచే పోవాలి, ఊరికే. వెట్టి అనేవారు దాన్ని. అధికారుల పనులు చేసే ఊరి నౌకరు సుంకరి గంప పట్టుకొని వచ్చి ఇంటింటా ఏరుకుపోయేవాడు.

ఆ ఏడు మాకు ఒక్క ఎర్రపెట్టే మిగిలింది. అమ్మ కడుపుతో ఉంది. కాన్పు నాటికి కోడిపిల్లలు ఎదిగితే బాలింతకు పులుసు పెట్టొచ్చని అవ్వ దాన్ని పొదగేసింది. పాత గంపలో బూడిద పోసి, గడ్డి పరిచి, గుడ్లు పెట్టి చీకటి మూలన కూర్చోబెట్టింది. పెట్ట పోతే గుడ్లూ పోతాయి. పెద్దవాళ్లు కూలికి పోతే కాపలా నాది.

ఒకరోజు పక్కింట్లో కోళ్లు గోలపెట్టడం వినిపించింది. సుంకరి వచ్చాడని తెలిసిపోయింది. దేవతకు మొక్కిన కోడి కాళ్లకు పసుపు రాసి వదిలేవాళ్లు, ఎవరూ ముట్టరు. నేను పసుపు తడిపి పెట్ట కాళ్లకు పూసేశాను.

"కోడేదే పిల్లా?" అంటూ సుంకరి లోపలికి వచ్చాడు.

"మైసమ్మకు మొక్కినం, మామా."

అతను వంగి చూశాడు. "పసుపింక ఆరనే లేదు. ఎప్పుడు మొక్కిండ్రు?"

"గిప్పుడే."

"గిర్దావరు సాబడిగితె ఏం జెప్పాలె?"

"మైసమ్మనడగమను."

అతనికి నవ్వొచ్చింది. "గా తల్లితోని నాకెందుకు, నాకూ పిల్లలున్నరు" అంటూ గంప ఎత్తుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం అవ్వకు గొప్పగా చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు.

"ఇగ అది మనది గాదు బిడ్డా, తల్లిది."

"ఉత్తగనే అన్న అవ్వా."

"ఆమెకు ఉత్త మాటేంది, నిజం మాటేంది? నోట్లకెళ్లి అచ్చింది గద."

నన్ను ఊరి బయట మైసమ్మ రాయి దగ్గరికి తీసుకుపోయింది. పొరుగింటామెతో మాట్లాడినట్టే అంది: "కోడి నీదే తల్లీ. పిల్లలను సాది ఇడిసిపెట్టేదాక జర ఆగు." తర్వాత నా వైపు తిరిగి, "మొక్కింది నువ్వు. సాదేది గూడ నువ్వే" అంది.

సాకాను. పగిలిన కుండలో పేడ కూరి పుట్ట దగ్గర బోర్లిస్తే పొద్దుటికి చెదలు పట్టేవి. వాటిని దులిపి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలకు వేసేదాన్ని. గద్ద తిరిగితే కట్టె పట్టుకొని వాటి మధ్యే కూర్చునేదాన్ని. ఒక్కదాన్నీ పోనివ్వకూడదని పంతం పట్టాను.

పిల్లలు పెద్దవయ్యాక పెట్ట వాటిని పొడిచి తరమడం మొదలుపెట్టింది. అవ్వ నా ముఖం చూసింది. ఇంకొన్నాళ్లు ఆగుదామని అడగాలనుంది, అడగలేదు. దాన్ని నేనే చంకన పెట్టుకొని మైసమ్మ దాకా మోశాను.

అక్కడ కోసిన మాంసం వంటకు ఇంటికే వచ్చింది. తిననని మొండికేస్తే అవ్వ నా గిన్నెలో ముక్క వేసి, "నీ చేతుల పెరిగింది, నువ్వు తినకపోతె ఎట్ల?" అంది. తిన్నాను.

ఆ పొద్దు పిల్లలను గంప కింద మూస్తూ ఆలోచించాను. సుంకరి మళ్లీ వస్తాడు. మైసమ్మ పేరెత్తితే ఇవన్నీ ఆమెవే అవుతాయి, అమ్మకు మిగలవు. మరునాడే వాటిని వాడ వెనక కంది చేలోకి తోలుకుపోయి, నూకలు చల్లి, సుంకరి వచ్చే పగటిపూట ఇంట్లో కనబడకుండా అక్కడే మేయడం అలవాటు చేశాను.