పసుపు గుడ్డ కట్టిన కన్ను

మెల్లకన్ను అదృష్టమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ అదృష్టం నా ఎడమ కంట్లో ఉంది. నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ దాన్ని చూసి మురిసిపోయారే తప్ప, దానితో ఏమైనా కనిపిస్తోందా అని ఒక్కరూ అడగలేదు.

అరవైల నాటి మాట. మాది జక్రాన్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇల్లు. ఒకరోజు బడిపంతులు నా కుడి కన్ను మూసి పలక చూపించారు. అక్షరం కాదు కదా, పలక అంచు కూడా చెప్పలేకపోయాను. బాపు నన్ను బస్సులో నిజామాబాద్‌లోని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

"ఎడమ కన్ను మంచిగనే ఉన్నది. పక్కకు తిరిగి ఉండేసరికి రెండు కళ్ళల్ల రెండు బొమ్మలు వడ్డయి, మెదడు ఒకదాన్ని వద్దనుకున్నది. గిది చూసుడే నేర్వలేదు," అన్నారు డాక్టరు. నా కుడి కన్ను మీద చెయ్యి పెట్టి, "గీ మంచి కన్నుకు పగలంత గుడ్డ కట్టున్రి. అప్పుడు రెండోది పని చేస్తది. ఇప్పటికే ఆలస్యమైంది, ఇంక జాగు చేయకున్రి," అన్నారు.

బాపు ఆ మాటే మా అవ్వకు, అంటే తన తల్లికి, చెప్పాడు. పసుపు ఉడకబెట్టే రోజులవి. అమ్మా బాపూ తెల్లారకముందే నన్ను అవ్వకు వదిలి పొయ్యిల దగ్గరికి పోయేవారు. అవ్వ రెండు రోజులు చెప్పినట్టే కట్టింది. గడప తట్టుకొని పడ్డాను, బిందె తన్నాను, ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేశాను.

మూడో రోజు అవ్వకు విసుగొచ్చింది. మా ఇళ్లలో కంటికి ఏమైనా పసుపు నీళ్లలో ముంచిన గుడ్డే మందు. "కాలుకు దెబ్బ తాకితే చేతికి కడుతరా? మీ బాపు ఉల్టా ఇన్నడు," అంటూ పసుపు గుడ్డ తెచ్చి ఎడమ కంటికి కట్టింది. నాకు అన్నీ తేటగా కనిపించాయి. వాకిట్లోకి ఉరికాను. ఆ తర్వాత రోజూ ఆ కంటికే కట్టింది. సాయంత్రం బాపు వచ్చేసరికి గుడ్డ ఎలాగూ విప్పేసి ఉండేది.

పసుపు పని అయ్యాక బాపు మళ్ళీ తీసుకుపోతే, డాక్టరు నా కళ్ళు చూసి, "ఏ కంటికి కట్టిన్రు?" అని అడిగారు. ఎడమ కన్ను చూపించాను. బాపు ముఖం మాడిపోయింది. ఆ తర్వాత ఏడాదంతా కుడి కంటికే కట్టినా, ఎడమ కన్ను ఇక అక్షరాల దాకా రాలేదు.

బాపు అవ్వను తిట్టని రోజు లేదు. చుట్టాలూ తిట్టారు. పెద్దయ్యాక నేనూ విసుక్కున్నాను. అవ్వ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

ఆ మూడో రోజు గుడ్డ కట్టేముందు అవ్వ నా ఎడమ కన్ను ముట్టి నన్ను అడిగింది. "డాక్టరు దగ్గరికి నువ్వే గద పోయింది. గీ కన్నే గదా బిడ్డా?" నేను ఔనని తల ఊపాను. ఆ సంగతి అవ్వ తాను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.