వెర్నా రెక్కల్లోని పెట్రోలు

మా ఊళ్ళో సగం మంది నోట్లో ఉన్నవి వెర్నా లింకే చేసిన పళ్ళే. పెద్ద వీధిలో, బ్రెడ్డు కాల్చే దుకాణం పక్కన ఆవిడ గది. నోటి అచ్చు తీయడం, రెసిన్ కలిపి పోయడం, గట్టిపడ్డాక అరగదీసి నిగనిగలాడించడం ఆవిడ బతుకుతెరువు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరితోనూ తగాదా లేదు. అలాంటి మనిషి యాభయ్యో పడిలో విమానం కడతానంది.

గాజుపీచు గుడ్డ మీద రెసిన్ పూసి, పొర మీద పొర వేసి, ఇద్దరు కూర్చునే విమానం. నా గోధుమ చేల చివర, ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించిన రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అడిగింది. ఇచ్చాను. ఫుట్‌బాల్ క్లబ్బులో ఇక చూడాలి ఆ వేళాకోళం.

"మా అమ్మ పళ్ళు ఆపిల్ కొరికితేనే ఊడొస్తున్నాయి. ఈవిడ రెక్కలు గాల్లో నిలుస్తాయంటావా ఆల్బీ?" అన్నాడు నాతో లారీ తోలే డడ్లీ, ఆవిడకి వినపడేలాగానే.

"మీ అమ్మ పళ్ళు కొరికితే ఊడవు డడ్లీ, నిన్ను తిడుతుంటే ఊడతాయి. పొద్దస్తమానం తిడుతుంటే ఏ పళ్ళు మాత్రం ఆగుతాయి?" అంది వెర్నా, బీరు గ్లాసు దించకుండానే.

ఏళ్ళు పట్టింది. ఆ విమానంలో రెక్క లోపలి బోలు భాగమే పెట్రోలు తొట్టి, కుడి రెక్కలో ఒకటి, ఎడమ రెక్కలో ఒకటి. మొదటిసారి పెట్రోలు పోసిన రోజు నన్ను రెక్క కిందికి వంగి చూడమంది. పైనుంచి ఎండ పడుతోంది. తెల్లటి రెక్క గుండా పెట్రోలు మట్టం లేత నీడలా కనిపించింది, గుడ్డులో కదిలే ప్రాణంలా.

వెర్నా కోరిక ఒక్కటే, ఉత్తరాన ఎడారిలో ఉన్న ఉప్పు సరస్సుల మీద ఎగరాలి. అక్కడ విమానం పెట్రోలు దొరకదు. దొరికేది కార్లకు పోసేదే.

"అదే పోసేస్తే పోలా?" అన్నాను.

"పోయొచ్చు. కారాగితే పక్కకి తీసి నాకు ఫోన్ చేస్తావు. పైన పక్కకి ఎక్కడికి తియ్యనయ్యా?"

అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. ఎడమ రెక్కలో ఎప్పుడూ విమానం పెట్రోలే. లేచేటప్పుడు, దిగేటప్పుడు దానితోనే. కుడి రెక్కలో కారు పెట్రోలు, పైకి వెళ్ళి నిలకడగా ఎగిరేటప్పుడు మాత్రమే.

అంత జాగ్రత్తపడినా, ఎగరడం మొదలెట్టిన మొదటి ఏడాదే దెబ్బ తగిలింది. ఒకరోజు కుడి తొట్టి అడుగునుంచి కొంచెం పెట్రోలు వంపి చూస్తే అందులో జిగురు తీగలా ఏదో వచ్చింది. దారిలో ఏదో బంకులో కొన్న పెట్రోల్లో ఆల్కహాలు కలిసి ఉందని, అది రెసిన్‌ను మెత్తబరుస్తుందని తర్వాత తెలిసింది. వెర్నా ఆ తీగను వేళ్ళ మధ్య నలిపింది. మర్నాడు నేను వెళ్ళేసరికి తొట్టి కడిగి, ఆవిరి అంతా పోయేలా ఆరబెట్టి, చేతి రంపంతో తన రెక్కను తానే కోస్తోంది.

"పిచ్చా నీకు? నాలుగేళ్ళ సెలవులన్నీ ఈ రెక్క కట్టడానికే పెట్టావు!"

"నీ వేలు పెట్టి చూడు లోపల."

పెట్టాను. రాయిలా ఉండాల్సిన లోపలి గోడ నమిలిన చూయింగ్ గమ్‌లా నొక్కుకుపోయింది. వేలు వెనక్కి లాక్కున్నాను. ఆవిడ మాత్రం ఎవరిదో నోరు చూస్తున్నట్టే నిదానంగా చూసి, మళ్ళీ రంపం ఆడించింది. సొంత చేతులతో కట్టినదాన్ని అలా కోసే ధైర్యం నేను ఎవరిలోనూ చూడలేదు.

ఆ వేసవంతా పళ్ళ గది వెనక వసారాలో మూతలు బిగించిన గాజు సీసాలు, సీసాల్లో పెట్రోలు, అందులో రకరకాల రెసిన్ ముక్కలు. తట్టుకున్న రెసిన్‌తోనే తొట్టి మళ్ళీ కట్టింది. అయినా ఆల్కహాలు కలిసిన పెట్రోలు పోయనని ఒట్టు పెట్టుకుంది. రబ్బరు గొట్టాలూ, మూతల దగ్గర రింగులూ ఉన్నాయిగా, వాటికి తను హామీ ఇవ్వలేనంది.

ఆ తర్వాత, ఉత్తరపు వడగాలి కొట్టే రోజు చూసుకుని, విమానం తోకను నా ట్రాక్టరుకు కట్టించింది. గాల్లోకి లేచేటప్పటిలా ముక్కు పైకెత్తి, కారు పెట్రోలుతో ఇంజను బాగా కాగేదాకా తిప్పింది, ఆపి మేం టీ తాగేంత సేపు ఉడకనిచ్చి, మళ్ళీ పూర్తి జోరుతో తిప్పింది. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది.

వెర్నా చప్పట్లు కొట్టింది. "చచ్చింది! చూశావా ఆల్బీ, చచ్చింది!"

"సంబరపడే సంగతా అది?"

"గడ్డి మీద చచ్చింది కదయ్యా! పైన చచ్చుంటే?"

కారు పెట్రోలు వేడికి తొందరగా మరుగుతుంది. గొట్టంలో బుడగలు పడితే పంపు ఖాళీ గ్లాసులో స్ట్రా పీల్చినట్టు పీలుస్తుంది, ఇంజనుకు చుక్క అందదు. ఆవిడ పంపును ఇంజను సెగకు దూరంగా, రెక్క మొదట్లో తొట్టి కిందికి మార్చింది. గొట్టాలకు తొడుగు వేసి, చల్లగాలి తగిలేలా దారి చేసింది. వడగాలి వచ్చిన ప్రతిసారీ ట్రాక్టరు రమ్మనేది. ఇంజను దగ్గడం పూర్తిగా మానేశాకే ఉత్తరానికి బయల్దేరదామంది. పక్క సీటులో నేను.

ఇద్దరం వెళ్ళి దిగింది ఆ సరస్సులకు కాస్త ఇవతల, కురింజీ స్టేషన్‌లో. స్టేషనంటే కనుచూపు మేర ఆవుల మేత భూమి, మధ్యలో ఒక్క ఇల్లు. ఇంటావిడ ఎస్మీ మటన్ చాప్స్ పెట్టి, సరస్సుల మీదికీ, తిరుగు ప్రయాణానికీ పెట్రోలు పీపా చూపించింది. వెర్నా సన్నటి గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పోసింది, పైన పెట్రోలు పోసి, మూత పెట్టి ఊపి, తేరుకోనిచ్చింది. అడుగున నీళ్ళు గీత దాటి పైకొచ్చాయి. పెట్రోల్లో ఉన్న ఆల్కహాలు నీళ్ళలోకి దిగిందన్నమాట.

"దీన్ని పొయ్యను."

"మా జీపు ఇదే తాగుతోంది తల్లీ, నిక్షేపంలా ఉంది," అంది ఎస్మీ.

"మీ జీపు దిగి నడవచ్చు కదమ్మా."

ఉత్తరాలూ సరుకులూ తెచ్చే టపా లారీ వచ్చేదాకా మంచి పెట్రోలు రాదు. నాకు విత్తనాల వేళ దాటిపోతోంది. "ఒక్కసారికి ఏం కాదు వెర్నా!" అని అరిచాను కూడా. ఆవిడ నా వంక చూసి, "కోపంగా ఉండు, పర్లేదు. బతికుండి కోపంగా ఉండు," అంది.

అలా ఆగిపోవడం వల్లే చూశాం.

ఒక పొద్దున ఎస్మీ పరుగున వచ్చి, "వాగులోకి రండి, వస్తోంది!" అని కేకేసింది. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఎక్కడో ఎన్ని వారాల కిందటో కురిసిన వాన, ఎండిన వాగు వెంట నడుచుకుంటూ వస్తోంది. ముందు చప్పుడు వినిపించింది, ఎండుటాకులు వేయించినట్టు. తర్వాత సాలీళ్ళు, పురుగులు, బల్లులు నేలంతా పరుగు, వాటి మీద కొంగల గుంపు. వెనకాల గోధుమరంగు నీటి నాలుక, చీలమండ ఎత్తున, మనిషి నడిచే వేగంతో. నెర్రెలు దాన్ని గటగటా తాగుతున్నాయి. తాగి నిండాక అది మరో అడుగు వేస్తోంది. వెర్నా బూట్లు విప్పి ఎదురుగా నిలబడింది. నీళ్ళు వచ్చి ఆవిడ వేళ్ళను తాకి, రెండుగా చీలి, ముందుకు సాగాయి. మేం ముగ్గురం దాని పక్కనే నడిచాం, దేవుడి ఊరేగింపు వెంట నడిచినట్టు.

టపా లారీ మంచి పెట్రోలు తెచ్చింది. వెర్నా దాన్నీ గాజు గొట్టంలో పరీక్షించింది. నిప్పురవ్వ పుట్టకుండా డబ్బాకూ విమానానికీ తీగ తగిలించి, వడపోత గరాటాలోంచి నిదానంగా పోసింది.

ఎడమ తొట్టితో లేచాం. పైకి వెళ్ళాక కుడి తొట్టికి మార్చింది. ఊపిరి బిగబట్టి విన్నాను. ఇంజను చప్పుడు మారలేదు. కింద తెల్లటి ఉప్పు నేల మీద నీళ్ళు వేళ్ళు చాచి సరస్సులోకి దిగుతున్నాయి, వాటి వెంట వేల పెలికాన్ పక్షులు. ఇంత ఎడారిలోకి వాటికి కబురు ఎవరు పంపారో!

"వెర్నా," అన్నాను.

"చూడు, మాట్లాడకు," అంది. ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. చేయి మాత్రం విమానం నడిపే కర్ర మీద కదలకుండా ఉంది.