హెడ్డు మావయ్య సాక్ష్యం

పోయిన నెల నరసన్నపేట నుంచి వస్తూ బస్సులో ఫోను పోగొట్టుకున్నాను. ఇంట్లో తిట్లు తిని, మా ఊరి పోలీసు స్టేషనుకు వెళ్లాను. మా అమ్మాయి కన్నా చిన్నదిగా ఉన్న ఒక కానిస్టేబులు పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పిందంతా కంప్యూటరులో కొట్టుకుని, ముద్ర వేసిన రసీదు చేతిలో పెట్టింది. "జాగర్తగా ఎట్టుకోండమ్మా, మీరు వచ్చినట్టు ఇదే రుజువు" అంది. ఆ మాటకు నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అందరి ముందూ భోరున ఏడ్చాను. పాపం ఆ పిల్ల హడలిపోయి, "ఏడకండమ్మా, దొరుకుతాది" అంటూ మంచినీళ్లు తెప్పించింది. అద్దం పగిలిన ఆ డొక్కు ఫోను చూసి ఉంటే నవ్వి ఊరుకునేది. పదకొండేళ్ల కిందట ఇదే గదిలో ఇలాంటి కాగితం ఒకటి పుట్టి ఉంటే ఏమయ్యేదో ఆ పిల్లకు ఏమని చెప్పను?

అప్పుడు ఇక్కడ మా చిన్న మావయ్య హెడ్ కానిస్టేబులు. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. ఊరికంతా హెడ్డుగారు, నాకు హెడ్డు మావయ్య. పొట్ట ముందు వస్తే ఆయన వెనక వచ్చేవాడు. బదిలీ చేసినా ఏడాది తిరక్కుండా మళ్లీ మా వీధులకే వచ్చి పడేవాడు. గుమ్మం ముందు విడిచిన జోళ్లు చూసి లోపల ఎవరున్నారో, ఎందుకు వచ్చారో కూడా చెప్పేసేవాడు. ఒకసారి మా వీధిలో వరసగా కోళ్లు మాయమవుతుంటే, అనుమానం ఉన్నవాడి ఇంటికి సరిగ్గా భోజనాల వేళకు వెళ్లి పీట వేసుకుని కూర్చున్నాడు. వాళ్లు మొహమాటానికి కంచం పెట్టారు. రెండు ముద్దలు తిని, "కూర శానా బాగున్నాది. ఒరే, ఇంతకీ కోడి ఎవులిదిరా?" అన్నాడట. వాడు అక్కడికక్కడే కాళ్ల మీద పడ్డాడు. కోడి పోయిన ముసలమ్మనీ వీణ్ణీ స్టేషను ఎదుటి టీ కొట్టుకు తీసుకెళ్లి, పక్కపక్కన కూర్చోబెట్టి చెరో గ్లాసు టీ తాగించాడు. అంతటితో సరి.

ఆ టీ కొట్టే ఆయన కోర్టు. గట్టు తగాదా గానీ, అత్తాకోడళ్ల గొడవ గానీ, తాగి తన్నుకున్నవాళ్లు గానీ, ఇద్దరూ కలిసి టీ తాగారంటే రాజీ పడ్డట్టే. ఆ తర్వాత నోరెత్తినవాణ్ణి ఊరు ఊరంతా తప్పుపట్టేది. "నా వీధుల్లో కాయితం మీదకెక్కిన గొడవ ఒక్కటి నేదే మేనగోడలా" అని మీసం దువ్వుకునేవాడు. నేనూ తక్కువదాన్నేం కాదు. మా ఇంటి ముందు గదిలో కుట్టుపని పెట్టుకున్నాను కదా, జాకెట్టు కొలతలిచ్చే ప్రతి మనిషికీ మా మావయ్య గొప్పలు వినక తప్పేది కాదు.

నా దగ్గర హుక్కులు, కాజాలు కుట్టడానికి ఒకమ్మాయి వచ్చేది. మిషను చర్చి వాళ్ల పిల్ల. వాళ్లమ్మ మిషను బళ్లో ఆయా. మా వెనకింటి లారీ డ్రైవరుతో పెళ్లయింది. సన్నగా చర్చి పాటలు పాడుకుంటూ పని చేసేది, పని మహా శుభ్రం. ఒకరోజు వంగి దారం ఎక్కిస్తుంటే మెడ మీద కమిలిన మచ్చలు కనిపించాయి. నా నోరు ఊరుకుంటుందా? "నడవ్వే, మా మావయ్య ఉన్నాడు" అని లాక్కుపోయాను. మావయ్య ఆమె మొగుణ్ణి పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టి టీ తాగించాడు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఒక కన్ను తెరవలేని మొహంతో వచ్చింది. మళ్లీ తీసుకెళ్లాను.

ఈసారి ఆమె కూర్చోలేదు. "కాయితం రాయండి బాబూ. ఈసారి నన్ను సంపేస్తాడు" అంది.

"కాయితం రాస్తే కాపురం పోతాదే అమ్మా. కోర్టుల సుట్టూ తిరగ్గలవేటి? ఆడికి నాను సెప్తాను కదా" అన్నాడు మావయ్య. చెడ్డగా అనలేదు. కన్నకూతురితో మాట్లాడినట్టే అన్నాడు. పిలిపిస్తే వచ్చిన మొగుడు తల దించుకుని నిలబడ్డాడు. టీ వచ్చింది. వాడు తాగాడు. ఆమె గ్లాసు మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు. వాడికి బుద్ధులు చెప్పే హడావుడిలో మావయ్య అది గమనించలేదు. నేను చూశాను. చూసి కూడా, "ఎల్లవే, మావయ్య సెప్పాడు కదా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

నాలుగో రోజున వాళ్ల పెరటి నూతిలో తేలింది.

నీళ్లు తోడుతూ జారిపడిందన్నాడు మొగుడు. చంపాడని వాళ్లమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ముందెప్పుడైనా ఫిర్యాదు చేసిందా అని చూస్తే, స్టేషను పుస్తకాల్లో ఆమె పేరే లేదు. "కాగితం మీద లేనిది జరగనట్టే. రిటైరయ్యే ముందు నీకెందుకయ్యా?" అన్నాడట పై అధికారి. మావయ్య రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు మా ఇంటికి వచ్చాడు. "నాను సెప్పేస్తానే. రెండుసార్లు వచ్చింది, నానే పంపించేసినానని సెప్పేస్తాను. నువ్వూ సెప్పాల. ఇద్దరం సెప్తేనే కేసు నిలబడతాది" అన్నాడు. అప్పటికే ఆ డ్రైవరు అన్నదమ్ములు రోజూ నా కొట్టు ముందు ఆగి, ఏమీ అనకుండా చూసి పోతున్నారు. నాకు భయమేసింది. అంతే, దానికి ఇంకో పేరు పెట్టను. ఊరందరి మీదా అరిచే నేను, "నా పేరు రానియ్యకు మావయ్యా" అన్నాను. ఆయన "సరేలే" అని లేచి వెళ్లిపోయాడు.

కోర్టుకు మాత్రం వెళ్లాను. సిగ్గు లేకుండా వాళ్లమ్మ పక్కనే కూర్చున్నాను. మావయ్య బోనెక్కి అంతా చెప్పాడు, తన తప్పుతో సహా. ఆమెతో ఎవరైనా వచ్చారా అని అవతలి ప్లీడరు అడిగాడు. ఎదుటివాడి అబద్ధాన్ని గుమ్మంలోనే పసిగట్టే మా మావయ్య నా వైపు చూడలేదు. "నేదండి. ఒక్కర్తే వచ్చింది" అన్నాడు. కాగితం లేదు, రెండో సాక్షి లేడు, ఈయన మాట ఎలా నమ్మమంటారన్నాడు ప్లీడరు. కేసు కొట్టేశారు. వాడు లారీ వేసుకుని ఎటో పోయాడు. ఫిర్యాదు రాయనందుకు మావయ్యను సస్పెండు చేశారు. దండ లేదు, సభ లేదు, అలాగే రిటైరయ్యాడు. ఆయన చేతి టీ తాగి కాపురాలు నిలుపుకున్నవాళ్లు ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవారు. మూడేళ్ల కిందట ఆయనా పోయాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వాళ్లమ్మ మాత్రం ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ కనిపిస్తే చాలు, "నా పిల్ల ఒక్కర్తే ఎల్లిందమ్మా టేసనుకి. పిలిస్తే నాను రానేటి?" అనేది. నేను పాలు పొంగిపోతున్నాయనో, ఎవరో పిలుస్తున్నారనో చెప్పి తప్పించుకునేదాన్ని.

ఫోను పోగొట్టుకున్న ఆ వారంలోనే ఇక ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. అంతా చెప్పేశాను, భయంతో సహా. చీపురు తిరగేస్తుందనే అనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్లాను.

ఆవిడ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. "అయితే పక్కన నువ్వున్నావా?" అంది.

"ఉన్నాను."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

"బయిమేస్తే సెయ్యి గట్టిగా అట్టుకుంటాది అది, సిన్నప్పటి నుంచీ. నీ సెయ్యి అట్టుకుందేటి?"

పట్టుకుంది. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ వదల్లేదు. ఆ సంగతి నేను మావయ్యకు కూడా చెప్పలేదు. తలూపాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు ఏడ్చింది. "ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే సాలు, ఆ రోడ్డు మీద అది ఒక్కర్తే నడుస్తా కనబడతన్నాదమ్మా. ఈ ముక్క అప్పుడే సెప్పుంటే ఏటి పోయేది నీకు?" అంది.

మా వీధి నుంచి స్టేషనుకు నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల దారిలో, నా భయం వల్ల, ఒక తల్లి కళ్ల ముందు ఆమె కూతురు పదకొండేళ్లు ఒంటరిగా నడిచింది.