సముద్రం వైపు తిరిగిన ముడులు

ముడికి ముఖమూ వీపూ ఉంటాయని ముడులమ్మ చెప్పేది. వల కట్టే మనిషి ఏ వైపు కూర్చుంటే ముడి ముఖం ఆ వైపుకు తిరుగుతుంది. రెండో వైపు నుంచి చూసేవారికి దాని వీపే కనిపిస్తుంది. ఎవరు కట్టిన వలనైనా చేతికిస్తే చాలు, వేళ్ళతో తడిమి, కట్టిన మనిషి ఎటు కూర్చున్నదో, స్థిమితంగా కట్టిందో తొందరలో కట్టిందో ఇట్టే చెప్పేసేది. ఏడో ఏట తండ్రి పక్కన కూర్చుని పట్టుకున్న సూదిని యాభై రెండేళ్ళు వచ్చినా ఆమె కింద పెట్టలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాగితాలలో ఉండిపోయింది. వీధి వీధంతా ఆమెను ముడులమ్మ అనే పిలిచింది.

భర్త జ్వరంతో పోయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఇంటికి చిన్న కోడలుగా వచ్చిన తోడికోడలే ఆమెకు చెల్లెలు, శిష్యురాలు, తగవులాడుకోవడానికి మనిషి. ఇద్దరూ ఒకే వాకిట్లో, ఒకే వలకు చెరో వైపునా కూర్చుని ఇరవై ఏళ్ళు పని చేశారు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఉప్పెన వచ్చి వీధిలో సగాన్ని కడిగేసింది. పడవలు, వలలు, ఎండబెట్టిన చేపలు, వాటితోపాటు పదకొండు మంది మనుషులు పోయారు. పదిమంది దేహాలు దొరికాయి. తోడికోడలు దొరకలేదు. ఆమె కూతురు, అప్పటికి పంతొమ్మిదేళ్ళ పిల్ల, ముడులమ్మ దగ్గరే ఉండిపోయింది.

ఉచితంగా ఇచ్చే బియ్యం మూడు నెలలకు ఆగింది. దాతల చెయ్యి అలిసిన తరువాత అప్పిచ్చేవారి చెయ్యి కనిపిస్తుంది, అది లోకరీతి. అయితే ఏడాది దాటాక అలా వచ్చినామె మంచి మనిషి. చిన్న అప్పులిచ్చే సంస్థలో పని చేసే ఆమెను అందరూ వాయిదాల మేడమ్ అనేవారు. ఐదుగురు ఆడవాళ్ళు ఒక జట్టుగా చేరాలి, ఒకరికి ఒకరు పూచీ ఉండాలి, ఒకరు కట్టడం మానితే ఐదుగురికీ అప్పు ఆగినట్టే. అదీ షరతు.

"మీకేం పని వచ్చమ్మా?" అని మేడమ్ అడిగింది.

"ముడులు వెయ్యడం వచ్చు."

"ఇంకా?"

"ఇంకా గట్టి ముడులు వెయ్యడం వచ్చు."

మేడమ్ నవ్వి రాసుకుంది. జట్టులో ముడులమ్మతోపాటు తోడికోడలి కూతురు, వీధంతా అత్త అని పిలిచే ఎండుచేపలావిడ, మంచుగడ్డలు మోసే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు చేరారు. మొదటి అప్పుతో దారం, సూదులు కొన్నారు. ఒక పాత ఐసు గోదాం అద్దెకు తీసుకున్నారు. దానికి అద్దె చవక. సముద్రం వైపు గోడనూ, ఆ వైపు గచ్చులో సగాన్నీ ఉప్పెన తన్నుకుపోయింది. మిగిలిన గచ్చు అంచు దగ్గర కిందికి చూస్తే రెండు నిలువుల లోతున బండలు, పోటు వేళ వాటి మీద నల్లని నీళ్ళు. ఆ అంచు పైనున్న దూలానికి వలను తెరలా వేలాడదీసి, ఐదుగురూ ఇవతల బారుగా కూర్చుని చిరుగులు బాగు చేసేవారు. వల కన్నుల గుండా వాళ్ళకు సముద్రం చిన్న చిన్న ముక్కలుగా కనిపించేది.

ఆరు నెలలు అలా గడిచాయి. అప్పుడొక పడవల ఆసామి, మునిగిన పడవ శిథిలానికి తగులుకుని చీలికలైన పెద్ద వలను తెచ్చి వేశాడు.

"నలభై రోజులు టైమిస్తున్నాను ముడులమ్మా. నలభయ్యో రోజు గురువారం సాయంత్రం లారీ వస్తుంది. అప్పటికి అయితే నా పడవలన్నిటి పనీ మీకే. అవ్వకపోతే పట్నంలో మిషను షాపుకి పంపించేస్తాను. తరవాత నన్ను అనొద్దు."

"అనను. మిషను మిమ్మల్ని అంటుంది."

ఆ పని దక్కితేనే రెండో అప్పు వస్తుందని మేడమ్ కూడా తేల్చి చెప్పింది. లేకపోతే గోదాం వదలాలి. అందరి ఇళ్ళలోనూ పొయ్యి మళ్ళీ ఎవరో పెట్టే బియ్యం కోసం ఎదురుచూడాలి.

ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఐదుగురూ తలుపుకు తాళం వేసి వాయిదా మీటింగుకు వెళ్ళి గంటలో తిరిగి వచ్చేవారు. ఇరవై నాలుగో రోజు, మంగళవారం, వచ్చి కూర్చున్నాక అత్త సూది ఆపింది.

"ఈ జానెడు ఎవరు కట్టారే? నేను మీటింగుకి పోతూ వదిలిన చిరుగు ఇది."

"నువ్వే కట్టి మరిచిపోయుంటావ్ అత్తా. నీకు మతిమరుపు," అంది మంచుగడ్డల అక్క.

"వాయిదా డబ్బులు నాలుగు రూపాయలు తక్కువైతే నాకు గుర్తుంటుంది. మతిమరుపంట!"

నవ్వులాటగా పోయింది. మరుసటి మంగళవారం రెండు మూరల మేర చిరుగు పూడి ఉంది. ముడులు ఒద్దికగా, ఒకే బిగువుతో ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. మూడో మంగళవారం తాళం తీసేసరికి వల నడిమి నుంచి నీటి బొట్లు గచ్చు మీద పడుతున్నాయి. దారం ఉండలు పొడిగా ఉన్నాయి. బాగైన మేర మాత్రం తడిసి, ఉప్పు వాసన వేస్తోంది. తోడికోడలి కూతురు ముందుకు వెళ్ళి ఆ ముడుల మీద చేయి వేసింది. చాలాసేపు తీయలేదు.

"పెద్దమ్మా, ఇవన్నీ వీపులే."

ముడులమ్మ తడిమి చూసింది. నిజమే. ముఖాలన్నీ సముద్రం వైపు ఉన్నాయి. కట్టిన మనిషి అవతల కూర్చుంది. అవతల గచ్చు లేదు, గోడ లేదు. కూర్చోవడానికి గాలి తప్ప మరేమీ లేదు.

అత్త తన సంచీ సర్దుకుంది. "నేను రేపట్నుంచి రాను. అప్పు నా వంతు ఎలాగో కడతాను. బతికుంటే ఎండుచేపలైనా అమ్ముకుంటాను, ఇది మాత్రం నావల్ల కాదు." అక్కాచెల్లెళ్ళు అప్పటికే గుమ్మం దగ్గరున్నారు.

"అత్తా, కూర్చో. అదెవరో నాకు తెలుసు," అంది ముడులమ్మ.

ఆ గొంతు విని అందరూ ఆగారు. ఆమె కూతురి ముఖం చూడకుండా, వలను చూస్తూ చెప్పింది. అంచు తాడు కుట్టేటప్పుడు సూది ఇవతలి నుంచి అవతలికి పోయి మళ్ళీ ఇవతలికి రావాలి. ఇచ్చే మనిషి 'అందిందా?' అంటుంది. పుచ్చుకునే మనిషి 'అందింది' అన్నాకే వదలాలి. ముందే వదిలితే దారం బిగువు పోయి కుట్టంతా వదులవుతుంది. ఇరవై ఏళ్ళు, రోజుకు కొన్ని వందల సార్లు, ఆ రెండు మాటలే వాళ్ళిద్దరి మధ్యా. అలక వచ్చి మాటలు మానుకున్న రోజుల్లో కూడా ఆ రెండు మాటలు మానలేదు.

"నీళ్ళు వాకిట్లోకి వచ్చినప్పుడు నేను గుంజ పట్టుకున్నాను. రెండో చేత్తో మీ అమ్మ మణికట్టు పట్టుకున్నాను. గుంజకి వల కట్టి ఉంది. మీ అమ్మ ఇంకో చెయ్యి చాపి ఆ వల అందుకుంది. అందుకుని 'అందింది' అని అరిచింది." ముడులమ్మ తన కుడి అరచేతిని చూసుకుంది. "ఆ మాట వినగానే వదిలేశాను. నేను వదలలేదమ్మా, నా వేళ్ళు వదిలాయి. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వింటే వదలడమే వాటికి తెలుసు. వల తెగి, ఆమెతో పాటే పోయింది."

గచ్చు మీద బొట్లు పడుతూనే ఉన్నాయి. కూతురు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

బుధవారం కూతురు రాలేదు గానీ, అత్తా అక్కాచెల్లెళ్ళూ వచ్చారు. ఎందుకు వచ్చారని ముడులమ్మ అడగలేదు. అత్తే చెప్పింది: "మన మనిషే కదే. బయటి మనిషైతే భయపడాలి గానీ." అంటూనే, వీలైనంత గోడవారకు జరిగి కూర్చుంది. సాయంత్రానికి చిరుగులన్నీ పూడాయి గానీ అంచు తాడు మిగిలిపోయింది. ఒక్క వైపు నుంచి దాన్ని కుట్టడమంటే ప్రతి కుట్టుకూ చేతిని తాడు చుట్టూ తిప్పి తీయాలి. అది మూడు రోజుల పని. చేతిలో ఉన్నది ఒక్క పగలు. జన్మాంతరాల ఋణాలు పిండంతోనో తర్పణంతోనో తీరుతాయంటారు. ఈ ఋణం సూదితో తీరవలసి ఉందని ముడులమ్మకు ఆ రాత్రంతా తోస్తూనే ఉంది.

గురువారం కూతురు వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తిన్నగా వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, సూదిలో దారం నింపి ఆమె చేతిలో పెట్టింది.

"అవతలికి ఇవ్వు."

"నాకు చేతులు రావడం లేదే."

"లారీ సాయంత్రం వస్తుంది పెద్దమ్మా. అమ్మకి నీ మీద కోపమే ఉంటే మన వల ఎందుకు కడుతుంది? ఇవ్వు."

ముడులమ్మ తాడు కింది నుంచి సూదిని అవతలికి చాపింది. "అందిందా?" అంది. అవతల ఎండలో మెరిసే నీళ్ళు, వాటి మీద ఎవరూ లేరు. ఎవరి గొంతూ వినిపించలేదు. అయితే వేళ్ళ మధ్య సూది బరువు తగ్గింది. తరువాత సూదే లేదు. అక్కాచెల్లెళ్ళలో చిన్నది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దారం బిగిసింది. తాడు మీదుగా సూది మొన ఇవతలికి వచ్చి ఆగింది. ముడులమ్మ పట్టుకుంది, రాలేదు. అవతలి నుంచి ఎవరో దాన్ని మెత్తగా, గట్టిగా పట్టుకుని ఉన్నారు. మాట కోసం ఆగి ఉన్నారు. రెండేళ్ళుగా ఆమె ఏ పనిలోనూ, ఎవరితోనూ పలకని మాట అది.

"అందింది," అంది ముడులమ్మ.

సూది వదులైంది. తడిగా, చల్లగా అరచేతిలోకి వచ్చింది.

ఆ తరువాత పని ఆగలేదు. మధ్యాహ్నం దాటినా ఇచ్చేటప్పుడు అడగడం, వచ్చినప్పుడు చెప్పడం, మగ్గం ఆడినట్టు సాగింది. అత్త దారం నింపుతూ ఉంది, అక్కాచెల్లెళ్ళు తాడు బిగించి పట్టుకున్నారు. నీడలు పొడుగైనప్పుడు బయట లారీ హారను మోగింది. మిగిలింది ఒక్క కుట్టు. సూది అవతలికి వెళ్ళి, తిరిగి వచ్చి, మొన చూపించి ఆగింది.

ముడులమ్మ సూదిని రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయింది. హారను రెండోసారి మోగింది.

"చెప్పు పెద్దమ్మా."

"చెబితే వదిలేస్తుందే."

కూతురు తన చేతిని ఆమె చేతుల మీద వేసింది. వల కన్నుల్లోంచి అవతలికి చూస్తూ, నెమ్మదిగా అంది: "అందిందమ్మా."

ఆసామి వచ్చి వలనంతా చూసుకున్నాడు. అంచు లాగి చూశాడు, కన్నులు లెక్క చూశాడు. "సగం ముడులు తిరగేసి ఉన్నాయేంటి?"

"మీకు చేపలు కావాలా, ముడుల మొహాలు కావాలా బాబూ?" అంది అత్త.

నలుగురు మోయవలసిన వలకు ఆరుగురు కావలసి వచ్చారు. నలభై రోజులుగా నీరు తాకని ఆ వల నుంచి లారీ దాకా దారి పొడుగునా నీళ్ళు కారాయి. ఇప్పుడే సముద్రంలోంచి తీసినట్టుందే అని కూలీలు విసుక్కున్నారు. ఆసామి మాత్రం కుట్టు మీద చేయి వేసి, ఇంత బిగువు మిషనుకు రాదన్నాడు. సోమవారం ఇంకో రెండు వలలు పంపిస్తాను, ఇదే చేయి ఉండాలి, కుదురుతుందా అని అడిగాడు.

ముడులమ్మ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల తడిసిన సూదిని కొంగుతో తుడుస్తోంది. తుడిచి, కొత్త దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

"పంపించండి," అంది ముడులమ్మ.