మూడో నెలలో పాత గోలీల షీటు

2022 వానాకాలం. కోదాడ బస్టాండు దగ్గరి ఒక మెడికల్ షాపులో నేను ఫార్మసిస్టుని. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది మందు పేరు చెప్పరు, చీటీ తేరు. అయిపోయిన షీటు చూపించి "గివే ఇయ్యి" అంటారు. మేమూ అది చూసి ఇచ్చేసేవాళ్లం.

ఆ రోజు మఠంపల్లి నుంచి సైదమ్మ వచ్చి ఖాళీ షీటు కౌంటరు మీద పెట్టింది. అది మెథోట్రెక్సేట్. శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు వారానికొక్కసారే వేసుకునే మందు.

"ఎవరికి పెద్దమ్మా?"

"నా కోడలు స్వరూపకు. చేతులు వాసి జడ గూడ అల్లుకుంటలేదు. నిరుడు గివి ఏసుకుంటే మంచిగుండె. అసలే మూడో నెల, గట్లనే పండుకుంటే ఎట్ల?"

షీటు కోసం చాచిన చెయ్యి ఆగిపోయింది. గ్రంథాలయంలో మందుల పుస్తకాలు వెతికి చదవడం నాకు ఇష్టం. ఈ మందు కడుపులో బిడ్డకు అవయవలోపాలు తేగలదనీ, గర్భం నిలవకపోవచ్చనీ, పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టర్లు ముందుగా మాన్పిస్తారనీ అక్కడే చదివాను.

"ఇది ఇయ్య పెద్దమ్మా. బిడ్డకు ప్రమాదం."

"నిరుడు మీరే గదా ఇచ్చింది! ఇప్పుడేంది, పోలీసోని లెక్క అడుగుతున్నవ్?"

"కోడలికి ఫోన్ కలుపు, మాట్లాడతా."

స్పీకర్‌లో స్వరూప గొంతు సన్నగా వినిపించింది. "అన్నా, పిల్లల కోసం అనుకున్నప్పుడే సూర్యాపేట డాక్టరు అవి మాన్పించి, వేరేవి రాసిండు. కడుపుతోటి ఉన్నప్పుడు ఏ గోలీ మంచిది కాదని అందరు భయపెడితే అవి గూడ బంద్ చేసిన."

"పాతవి మళ్లీ ఏమన్నా వేసుకున్నవా?"

"లేదన్నా."

"కొత్తవి మానమని డాక్టరు చెప్పిండా?"

"అడగలే."

"రేపే పోయి అడుగమ్మా."

సైదమ్మ స్టూలు మీద కూలబడింది. "నువ్వు ఇచ్చుంటే నేనే నా చేతులతోని ఏస్తుంటి" అంది మెల్లగా.

స్వరూప వెళ్లి అడిగితే డాక్టరు తాను ముందు రాసిన, గర్భిణులు వాడదగ్గ హైడ్రాక్సీక్లోరోక్విన్‌నే మళ్లీ మొదలుపెట్టించి, కాన్పు దాకా వాడమన్నారు. వాపు తగ్గడానికి కొన్నాళ్లు తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చారు.

కీళ్ల నొప్పికి అలవాటైన మందు ప్రమాదం కావచ్చు, భయపడి అన్నీ మానేయడమూ ప్రమాదమే. అప్పటి నుంచి ఖాళీ షీటు చూపిస్తే ముందు మనిషి సంగతి అడుగుతున్నాను.

చలికాలం చివర్లో సైదమ్మ విటమిన్ చుక్కల కోసం వచ్చింది. ఈసారి డాక్టరు చీటీ చేతిలో ఉంది. నేను సీసా తీసిస్తుంటే ఊరుకోలేదు.

"గిది ఎవరికని అడగవా?"

"ఎవరికి పెద్దమ్మా?"

"నా మనుమరాలికి. వాళ్లమ్మ పొద్దంత ఎత్తుకునే తిరుగుతది, నా చేతికియ్యదు."