డిటెక్టివు గడ్డం

దగ్గరికి జరగండి. అంత దూరం ఎందుకు, ఇట్లా నా మోకాలి పక్కకి రండి. పిల్లను ఎత్తుకుపోయే దొంగ, వాణ్ణి వెతుక్కుంటూ తిరిగే డిటెక్టివు, ఇట్లాంటి కథలు మీరు టీవీలో రోజూ చూస్తారు. మా చిన్నప్పుడు బెంగళూరులో టీవీ ఎక్కడిది? సినిమానే. చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్ళు అట్లాంటి సినిమా ఒకటి మా ఇంట్లోనే తీశారు. అందులో దొంగ ఎత్తుకుపోయిన పిల్లను నేనే.

కర్ణాటకను ఇంకా మైసూరు రాష్ట్రమని పిలిచే రోజులు. నాకు ఆరేళ్ళు. పేటలో మాది తొట్టి ఇల్లు. చుట్టూ గదులు, నడుమ పైకప్పు లేని వాకిలి. ఎండ నేరుగా ఆ వాకిట్లో పడేది. లైట్లు పెట్టుకునే శక్తి లేని సినిమావాళ్ళకు అది దేవుడిచ్చిన స్టూడియోలా కనిపించింది. నాయన పగలంతా మిల్లులో ఉండేవాడు. ఇంట్లో పెత్తనం మేనత్తది. నాయన కంటే పెద్దది, మొగుడితో పొసగక మా ఇంటికి వచ్చేసింది.

నా తల మీద అప్పటికీ పుట్టువెంట్రుకలే ఉండేవి. మా వంశంలో బిడ్డ మొదటి జుట్టు కదిరి నరసింహస్వామికే ఇవ్వాలి. ఒక్కసారి తీస్తే అయిపోయింది, రెండోసారి మొలిచేది మామూలు జుట్టే. మొదటేడు నాయనకు సెలవు దొరకలేదు. తర్వాత అమ్మకు జబ్బు చేసింది. పోయేముందు నా తల నిమిరి, "కదిరిలో తప్ప యాడా కత్తి తగలనీయొద్దు బంగారూ" అంది. అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు, ఆ మాట గుర్తుంది. ఆరేళ్ళు వచ్చినా పుట్టెంటికలేనా అని వీధి పిల్లలు ఎగతాళి చేసినా నేను పట్టించుకునేదాన్ని కాదు. వచ్చే కార్తీకంలో తీసుకుపోతానని నాయన మాట ఇచ్చాడు. నేను నెలలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

డైరెక్టరు మద్రాసు నుంచి వచ్చినవాడు. సన్నగా ఉండేవాడు, గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉండేది. డిటెక్టివు వేషగాడు పైన ఉన్నికోటు, కింద గళ్ళ లుంగీ కట్టుకుని తిరిగేవాడు, కెమెరాకు నడుము దాకానే కనిపిస్తాడని. మొదటి రెండు రోజులు నన్ను గదిలో పెట్టి తలుపేశారు, కిటికీ చువ్వలు పట్టుకుని చూడమన్నారు. అదంతా నాకు ఆటే. మూడోరోజు పొద్దున డైరెక్టరు అత్తతో అన్నాడు:

"దొంగ ఈ పిల్లకి గుండు గీయించి, చొక్కా లాగూ తొడిగి, మగపిల్లాడిలా తిప్పుతాడండీ. అది లేకపోతే మా కథే లేదు."

"అది కుదిరేది కాదప్పా. మొక్కు జుట్టు" అంది అత్త. ఆ మాట అన్నదని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆయన కాసేపు అత్త ముఖం అటూ ఇటూ వంగి చూశాడు. "తల్లి వేషం వేయాల్సిన ఆవిడ రాలేదు. మీ ముఖంలో ఆ కళ ఉంది. కన్నీళ్ళు పెట్టుకోగలరా?"

అత్త చెంగు సర్దుకుంది. "సినిమాలో నేనా? నగబాటు చేస్తా ఉండావా ఏమి?"

"మీరే. కానీ గుండు సీను ఉంటేనే తల్లి సీను."

అత్త లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. క్షవరం చేసే తాతను పిలవడానికి మనిషిని పంపింది.

తాత మా వీధివాడే. కత్తి బయటికి తీసి మళ్ళీ పొదిలో పెట్టేశాడు. "ఇవి కదిరికి పోవాల్సిన ఎంటికలు తల్లీ. నా చేత చేపియ్యొద్దు."

"ఎంటికలే కదప్పా, తల కాదు గదా పొయ్యేది? మళ్ళీ మొలుస్తాయి. సుమ్మనే, మాట్లాడకుండా కూర్చుని గీకు."

"వద్దత్తా! నాయన వచ్చినాక అడుగుదాం. సాయంత్రం వస్తాడు కదా!" నేను స్తంభాన్ని వాటేసుకున్నాను.

"సాయంత్రానికి ఎండ పోతుంది" అన్నాడు డైరెక్టరు. "ఏడుపు బాగుంది. ఆపొద్దు పాపా. కెమెరా సిద్ధమేనా? ఫిల్ము కొంచెమే ఉంది, రెండోసారి తీయలేం."

దొంగ వేషగాడు నన్ను స్తంభం నుంచి ఊడదీసి వాకిట్లో కూర్చోబెట్టాడు. మంచి మనిషే. "భయపడొద్దు పాపా, నాకూ ఇద్దరు కూతుళ్ళుండారు" అని చెవిలో చెప్పాడు. చెప్తూనే నా భుజాలు ఇంకా గట్టిగా నొక్కిపట్టాడు. ఆ వేళ్ళ గుర్తులు వారం రోజులు పోలేదు.

నేను తల విదిలించాను. కత్తి తగిలి చెవి పైనుంచి నెత్తురు కారింది. తాత చెయ్యి ఆగింది. "ఆపొద్దు, ఆపొద్దు!" అని డైరెక్టరు గొంతు చించుకున్నాడు. అత్త గడప దగ్గర నిలబడి, తన వంతు ఎప్పుడా అని, పెదవుల మీద మాటలు వల్లె వేసుకుంటూ ఉంది.

అంతా అయ్యాక నేను ఏడవలేదు. నేల మీద పడ్డ వెంట్రుకలన్నీ ఏరి పావడాలో వేసుకున్నాను. కత్తి ఎక్కడ తగిలితేనేమి, వీటినే నాయన కదిరికి పట్టుకుపోతాడు అనుకున్నాను. ఒక్కటి కూడా వదలకుండా ఏరుతుంటే మేకప్పు ఆయన వచ్చి పావడాలోకి తొంగిచూశాడు.

"సార్, మన డిటెక్టివుగారి సన్యాసి వేషానికి గడ్డం దొరికింది!"

అందరూ నవ్వారు. నేను ఆయన చెయ్యి కొరికాను. అత్త నా చెంప మీద కొట్టి, పావడా అంచు బిగించి పట్టుకున్న నా పిడికిళ్ళు ఒక్కొక్క వేలే విప్పింది.

మధ్యాహ్నానికి మా అమ్మ పెంచిన జుట్టు ఆ లుంగీ మనిషి గడ్డానికి జిగురుతో అంటుకుని ఉంది. వెళ్ళి చేతులు చాపాను. "సార్, అది నాది. దేవుడిది. ఇచ్చేయండి సార్."

ఆయన బీడీ కాలుస్తున్నాడు. "ఇస్తాను. పొద్దున ఏడ్చినట్టు ఇంకోసారి ఏడువు చూద్దాం."

ఏడ్చాను. నిజంగానే వచ్చింది ఏడుపు. ఆయన పక్కవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. "చూశారా, ఈమె ముందు మనం ఎందుకూ పనికిరాం!" అని చప్పట్లు కొట్టించాడు. తర్వాత గడ్డంతోనే వ్యాను ఎక్కాడు. మిగతా షూటింగు ఊరి బయట యలహంక తోపుల్లో అట.

సాయంత్రం నాయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తన అక్కను ఏమీ అనలేదు, ఎప్పుడూ అనలేదు.

"ఎంటికలు యాడ?" అని నన్ను అడిగాడు.

"గడ్డానికి పట్టుకుపోయినారు నాయనా."

కొట్టాడు. "గుప్పెడన్నా దాచుకోలేకపోతివా?" తర్వాత కాళ్ళు కడుక్కుని అత్త వడ్డించిన సంగటి తిన్నాడు.

కొన్నాళ్ళకు సినిమా వచ్చింది. అత్త పట్టుచీర కట్టి వీధి ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని పోయింది. తెర మీద నా కోసం రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది. కింద కుర్చీలో కూర్చుని, తెర మీద తనను చూసుకుంటూ ఏడ్చింది. పక్కింటామె ఆమె చెయ్యి పట్టుకుని, "కన్నతల్లి కూడా ఇట్ల ఏడవదే!" అంది. అత్త కాదనలేదు.

అప్పుడే తెర మీదికి సన్యాసి వచ్చాడు. "అదిగో, నా ఎంటికలు!" అని అరిచాను. హాలు హాలంతా నవ్వింది. అత్త నా తొడ గిల్లింది.

కార్తీకంలో నాయన మాట తప్పలేదు, కదిరికి తీసుకుపోయాడు. అప్పటికి నా తల మీద రెండు వేళ్ళ ఎత్తు జుట్టు మొలిచింది. అక్కడ క్షవరం చేసే ఆయన నా తల తడుపుతూ అడిగాడు, "పుట్టెంటికలేనా?"

"అవునప్పా" అన్నాడు నాయన.

"కాదు" అన్నాను నేను.

ఆయన చెయ్యి ఆగింది. నాయన తన అరచేత్తో నా నోరు మూశాడు. "చిన్నపిల్ల, దానికేం తెలుస్తాది. మీరు గీకండప్పా" అన్నాడు. గుండు అయ్యేంతవరకూ చెయ్యి తియ్యలేదు. ఊపిరాడక నేను ముక్కుతో గస పెడుతూ కూర్చున్నాను. అయ్యాక ఆ వెంట్రుకలను పుట్టువెంట్రుకల పళ్ళెంలోనే వేశారు. నాయన వాటికి దణ్ణం పెట్టి నన్నూ పెట్టమన్నాడు. నేను పెట్టలేదు.

ఇంతసేపు కాళ్ళు నొప్పి పుట్టినా కదలకుండా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. మీ ఇంట్లో చిన్నపిల్ల వద్దంటే ఆగే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఎల్లకాలం ఉండాలి.